చవక ఉపగ్రహాలను వందల్లో తయారుచేసి దూరపు గ్రహాలకు ఎందుకు పంపరు?

ధ్రువతార (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా బుర్ర తొలిచేస్తున్న ప్రశ్న ఇది.

యురేనస్ పక్కకి మనిషి చేసిన వస్తువు వెళ్లింది ఒక్కసారే, 1986 జనవరిలో వోయేజర్-2. నెప్ట్యూన్‌కీ అంతే, 1989 ఆగస్టులో అదే నౌక. అప్పటికి నేను పుట్టనే లేదు. ఆ తర్వాత ఇంకొకటి అటువైపు తొంగిచూడలేదు. ఎందుకని అడిగితే ఖర్చు అంటారు. గురుడి చందమామ యూరోపా కోసం పంపిన యూరోపా క్లిప్పర్ నౌక ఒక్కదానికే దాదాపు 520 కోట్ల డాలర్లు. అదే 2018లో అంగారకుడి దాకా వెళ్లిన మార్కో బుల్లి నౌకలు రెండూ కలిపి 1.85 కోట్ల డాలర్లు. భాగించి చూశాను: ఒక క్లిప్పర్ డబ్బుకి 280 మార్కో జతలు వస్తాయి!

ఇంకోపక్క భూమి చుట్టూ తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలను అచ్చుపోసినట్టు వేలల్లో దింపుతున్నారు. అదే పద్ధతిలో చవకగా ఓ రెండు మూడు వందలు చేసి గురుడికి, శనికి, యురేనస్‌కి విసిరేస్తే? సగం పోయినా సగం మిగులుతాయి కదా. ఇందులో నాకు కనిపించని మెలిక ఏమిటో చెప్పండి.

---

వక్రకక్ష్య

ముందు ఒక్క మాట. గ్రహం చుట్టూ తిరిగితేనే ఉపగ్రహం. పక్కనుంచి దూసుకుపోయేది నౌక. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు, ఏమనుకోకండి.

---

చిట్టిరాకెట్

ధ్రువతార గారూ, నేను మీ పార్టీనే.

1999లో క్యూబ్‌శాట్ కొలతలు మొదటిసారి రాసినప్పుడు అది విద్యార్థులు నేర్చుకోవడానికి చేసిన పది సెంటీమీటర్ల డబ్బా మాత్రమే. ఇరవై ఏళ్లు తిరక్కుండా అలాంటి డబ్బాలు ఆరు కలిపినంత సైజున్న మార్కో అంగారకుడి దాకా వెళ్లి, ఇన్‌సైట్ ల్యాండర్ అక్కడ దిగుతుంటే దాని కబుర్లను భూమికి అందించింది. 2022లో డార్ట్ నౌక గ్రహశకలాన్ని ఢీకొట్టినప్పుడు ఎగిసిపడిన దుమ్మును పక్కనుంచి ఫోటో తీసింది కూడా ఇలాంటి బుల్లిదే, లీచాక్యూబ్.

"అంతరిక్షానికి ప్రత్యేకమైన చిప్ కావాలి, కోట్లు పెట్టాలి" అనేవాళ్లకి అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌ని చూపించండి. అందులో ఉన్నది ఫోన్లలో వాడిన స్నాప్‌డ్రాగన్ 801. ఐదుసార్లు ఎగిరితే చాలనుకుని పంపారు. 72 సార్లు ఎగిరింది.

---

పాతరేడియో

మార్కో గురించి అందరూ మురిసిపోతున్నారు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. ముప్పై ఏళ్లుగా యాంటెన్నాలతోనే నా బతుకు. ఈ చర్చలో అందరూ నోటి గురించి మాట్లాడుతున్నారు, చెవి సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఇన్‌సైట్ దిగిన రోజు మార్కోలు భూమికి దాదాపు 14.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అవి డేటా పంపిన వేగం సెకనుకు 8 కిలోబిట్లు. ఆ మాత్రమైనా వచ్చిందంటే ఇవతల 70 మీటర్ల డిష్ వింటోంది కాబట్టి. అలాంటి డిష్‌లు నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్‌లో మూడే ఉన్నాయి: గోల్డ్‌స్టోన్‌లో ఒకటి, మాడ్రిడ్ దగ్గర ఒకటి, కాన్‌బెర్రా దగ్గర ఒకటి. మిగతావి 34 మీటర్లవి.

ఇప్పుడు అదే రేడియో, అదే డిష్ ఉంచి మార్కోను వెనక్కి జరుపుతూ పోండి. దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక మెగాబైట్ ఫోటో తీశారనుకుందాం.

అంగారకుడి దగ్గర్నుంచి, ఆ రోజున్న దూరంలో: సుమారు 17 నిమిషాలు.
గురుడు, అంటే దానికి ఐదు రెట్ల దూరం: 7 గంటలు.
నెప్ట్యూన్, ముప్పై రెట్లు: పది రోజులు పైచిలుకు. ఒక్క ఫోటోకి.

ఆ పది రోజులూ భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మూడు చోట్లా ఉన్న పెద్ద డిష్‌లు వంతులవారీగా మీ ఒక్క డబ్బా కోసమే కూర్చోవాలి. మీరేమో 280 జతలు అంటున్నారు! జేమ్స్ వెబ్ టెలిస్కోపు, అంగారకుడి మీది రోవర్లు, వోయేజర్లు, చంద్రుడి యాత్రలు... అన్నీ అక్కడే క్యూలో నిలబడి ఉన్నాయి. వెనక్కి వినేవాడు లేకుండా వందల నౌకలు పంపడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

న్యూ హొరైజన్స్ 2015 జులైలో ప్లూటోను కొన్ని గంటల్లో దాటిపోయింది. ఆ డేటా అంతా దింపుకునేసరికి 2016 అక్టోబరు అయింది. అది 2.1 మీటర్ల డిష్ ఉన్న అసలు సిసలు నౌక, డబ్బా కాదు.

---

లెక్కలమాస్టారు

పాతరేడియో గారు చెవి లెక్క చెప్పారు. నేను పొట్ట లెక్క చెబుతా.

మార్కో సోలార్ ప్యానెళ్లు భూమి దగ్గర 35 వాట్లు ఇచ్చేవి. అంగారకుడి దగ్గర అది 17కి తగ్గింది. గురుడి దగ్గర ఎండ ఇక్కడి దానిలో 27వ వంతు, అంటే 1.3 వాట్లు. నెప్ట్యూన్ దగ్గర 900వ వంతు, 0.04 వాట్లు. దాంతో గోడగడియారం తిరుగుతుందేమో గానీ రేడియో పలకదు.

జూనో నౌక సోలార్ కరెంటుతోనే గురుడి దగ్గర బతికింది కదా అంటారేమో. దానికి మూడు రెక్కలు, ఒక్కోటి సుమారు 9 మీటర్ల పొడవు. భూమి దగ్గరైతే 14 కిలోవాట్లు తీయగలిగేవి, గురుడి దగ్గర 500 వాట్లకే పరిమితం. ఇక శని దగ్గర్నుంచి ప్లుటోనియం-238 అనే అణు ఇంధనం తప్ప దారి లేనట్టే. అది చవకా కాదు, టోకున దొరికేదీ కాదు. ఏడాదికి ఒకటిన్నర కిలోల ప్లుటోనియం ఆక్సైడ్ తయారుచేయగలగడమే అమెరికా లక్ష్యంగా పెట్టుకుంది. క్యూరియాసిటీ, పర్సివరెన్స్ రోవర్లలో ఉండే ఒక్క పవర్ యూనిట్‌కే 4.8 కిలోలు పడుతుంది. అది ఇచ్చేది మొదట్లో 110 వాట్లు.

కాబట్టి మీ జాబితాలోంచి శని, యురేనస్, నెప్ట్యూన్ కొట్టేయండి. గురుడి దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి.

---

ధ్రువతార

అమ్మో. ఒక్క పూటలో సౌరకుటుంబం సగానికి చిక్కిపోయింది.

సరే, పెద్ద రెక్కలు పెడతాం, కొంచెం పెద్ద డబ్బా చేస్తాం. కానీ "సగం పోయినా సగం మిగులుతాయి" అన్న మాట మీద ఎవరూ ఏమీ అనలేదు. అది కరెక్టే కదా?

---

నిశాచరి

కాదండీ. అసలు పొరపాటు అక్కడే ఉంది.

నేను చదువుకునేటప్పుడు ఒక చిన్న క్యూబ్‌శాట్ బృందంలో పనిచేశాను. యాంటెన్నాగా మేం వాడింది టేపు కొలబద్ద లాంటి ఉక్కు పట్టీలు. ప్రయోగానికి ముందు వాటిని మడిచి నైలాన్ దారంతో కట్టేస్తారు. కక్ష్యలోకి వెళ్లాక ఒక చిన్న రెసిస్టర్ వేడెక్కి దారాన్ని కాలుస్తుంది, పట్టీలు టప్‌మని విచ్చుకుంటాయి. గదిలో యాభైసార్లు చేసి ఉంటాం. ప్రతిసారీ నాలుగైదు సెకన్లలో దారం తెగేది. వీడియోలు తీసి అందరికీ పంపుకున్నాం కూడా.

తర్వాత శూన్యపు చాంబర్‌లో పెట్టి మైనస్ 20కి దించాం. రాత్రి మూడింటికి నా షిఫ్ట్. కమాండ్ వెళ్లింది, దారం తెగలేదు. స్క్రీన్ మీద బోర్డు మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతోంది. బూట్ అవ్వగానే "యాంటెన్నా విచ్చుకుందా? లేదు" అని చూసుకుని మళ్లీ రెసిస్టర్ ఆన్ చేస్తోంది. మళ్లీ రీబూట్. చలికి బ్యాటరీ బిగుసుకుపోయి, రెసిస్టర్ కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ ఆరిపోతోందని అర్థమయ్యేసరికి తెల్లారింది. పైన ఇలా జరిగి ఉంటే బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా అదే తిరగలి తిరుగుతూ ఉండేది. కింద మాకు ఒక్క బీప్ కూడా వినబడేది కాదు.

ఇప్పుడు మీ మాటకి వస్తాను. మేం అదే డిజైన్‌తో వంద చేసి ఉంటే? సగం కాదు, వందకి వందా పోయేవి. ఒకే అచ్చులో పోసినవి ఒకే జబ్బుతో చస్తాయి. సగం మిగలడమన్నది, ఒక్కోటి ఒక్కో కారణంతో పోతేనే.

---

చిట్టిరాకెట్

నిశాచరి గారూ, ఒప్పుకుంటాను గానీ అందుకే కదా విడతలుగా పంపాలి? మొదటి పది పంపి, ఎందుకు చచ్చాయో చూసి, తర్వాతి పదిలో సరిచేయాలి. స్టార్‌లింక్ చేసిందీ అదే.

---

వక్రకక్ష్య

స్టార్‌లింక్ ఉపగ్రహం పోతే కొన్ని వారాల్లో మార్చినది పైకి వెళ్తుంది. భూమి, అంగారకుడు సరైన చోట్లకు వచ్చి దారి తెరుచుకునేది 26 నెలలకోసారి. గురుడికి 13 నెలలకోసారి తెరుచుకున్నా, జూనోకి వెళ్లడానికే ఐదేళ్లు పట్టింది. మొదటి పదికి ఏమైందో తెలిసేసరికి వాటిని చేసిన ఇంజనీర్లు వేరే ఉద్యోగాల్లో ఉంటారు.

పైగా లిఫ్ట్ అడిగి వెళ్లేవాళ్ల కష్టాలు వేరు. జానస్ అని గ్రహశకలాల జంటల్ని చూడ్డానికి రెండు కవల నౌకలు కట్టారు. సైకీ అనే పెద్ద నౌకతో పాటు ఒకే రాకెట్‌లో వెళ్లాలి. సైకీ 2022 నుంచి 2023కి వాయిదా పడింది. కొత్త తేదీకి ఆ దారి అసలు వాటి గమ్యాలకు పోదు. రెండింటినీ గోదాములో పెట్టేశారు. చంద్రుడి యాత్ర ఆర్టెమిస్-1తో వెళ్లిన పది క్యూబ్‌శాట్ల కథా అలాంటిదే. రాకెట్ ఆలస్యమై అవి లోపలే నెలల తరబడి కూర్చున్నాయి, కొన్నింటి బ్యాటరీలు మళ్లీ ఛార్జ్ చేసే వీలే లేదు. 2022 నవంబరులో వదిలాక దాదాపు సగానికి ఏదో ఒక పెద్ద లోపం వచ్చింది.

అంగారకుడి యాత్ర ఎస్కపేడ్ వాళ్లు దీనికి కొత్త ఉపాయం పట్టారు. బ్లూ, గోల్డ్ అని రెండు కవలలు. 2025 నవంబరులో దారి మూసి ఉండగానే బయల్దేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో చక్కర్లు కొడుతూ దారి తెరుచుకునే దాకా ఆగడం. అంగారకుడిని చేరేది 2027లో. ఇది పనిచేస్తే రాకెట్ తేదీకీ గ్రహాల తేదీకీ ముడి కొంచెం సడలుతుంది. నాకు నచ్చిన ఆలోచన ఇదొక్కటే.

---

శూన్యగీతం

మీరంతా డబ్బాల దగ్గరే ఆగిపోయారు. కిక్‌శాట్-2 వాళ్లు 2019లో 3.5 సెంటీమీటర్ల బోర్డు ఉపగ్రహాలు 105 వదిలారు, ఒక్కోటి 4 గ్రాములు. అలాంటివాటిని లేజరుతో తోసి పక్క నక్షత్రం ఆల్ఫా సెంటారీకే పంపుదామని బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ 2016లో ప్రకటించింది, కాంతి వేగంలో 20 శాతంతో. అసలు దూరపు గ్రహాలంటే అవి కదా!

---

పాతరేడియో

4 గ్రాముల బోర్డు 4.37 కాంతి సంవత్సరాల అవతల్నుంచి మాట్లాడితే వినిపించే చెవి మాత్రం నా దగ్గర లేదు నాయనా. దానికి వేరే చర్చ పెట్టు, వచ్చి అక్కడ తిడతాను.

---

వెనకటిచూపు

"చవకగా, ఒకే మూసలో" అనేది కొత్త ఆలోచనేం కాదు. 1980ల్లోనే నాసా మొదలుపెట్టింది. భూమి చుట్టూ తిరిగే వాణిజ్య ఉపగ్రహాల బాడీనే తీసుకుని గ్రహాలకు వరుసగా నౌకలు పంపుదామని ప్లానెటరీ అబ్జర్వర్ పథకం వేశారు. మొదటిది మార్స్ అబ్జర్వర్. సైంటిస్టులు ఒక్కొక్కరూ వచ్చి "నా పరికరం కూడా" అన్నారు, ఖర్చు పెరిగింది, ప్రయోగం ఆలస్యమైంది. 1992 సెప్టెంబరులో వెళ్లి, 1993 ఆగస్టులో అంగారకుడి కక్ష్యలోకి చేరడానికి మూడు రోజుల ముందు మూగబోయింది. భూమి దగ్గర ఇంజిన్‌ను కొన్ని వారాల్లో వాడేస్తారు. ఇది పదకొండు నెలలు ఆగి వాడాలి. ఆ తేడా దగ్గరే ఇంధన గొట్టాల్లో ఏదో తేడా కొట్టిందని విచారణలో అనుమానించారు. వరుసలో రెండోది రానేలేదు.

కానీ మూస పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని ఎవరూ చెప్పుకోరు. మార్స్ ఎక్స్‌ప్రెస్ 2003లో వెళ్లింది. దాని డిజైన్‌నే కాస్త మార్చి వీనస్ ఎక్స్‌ప్రెస్‌ను 2005లో పంపారు, నాలుగేళ్లలోపే తయారైపోయింది. మంగళ్‌యాన్ కూడా అంతే. చంద్రయాన్-1లో వాడిన బస్‌నే (పరికరాలను మోసే బాడీని) మార్చి కట్టారు, 450 కోట్ల రూపాయల్లో అయిపోయింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది ఏళ్లపాటు పనిచేసింది. అయితే అందులో పరికరాలు మొత్తం 15 కిలోలే. చవక రహస్యం సగం అక్కడుంది: దేన్ని వద్దనుకున్నారో చూడండి.

ఈ రెండు ఉదాహరణల్లోనూ వందలు లేవు, రెండే. కొత్తగా ఆలోచించాల్సిన భాగం తగ్గింది, అంతే.

---

లెక్కలమాస్టారు

వెనకటిచూపు గారి మాటకి అంకె పెడతాను. 1936లో టి.పి.రైట్ విమానాల తయారీలో గమనించినది: ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతుంది. మొదటిదానికి 100 అనుకుంటే రెండోదానికి 80, నాలుగోదానికి 64, వందోదానికి 23 దగ్గర. వెయ్యోది 11 దగ్గర.

అంటే మొదటి రెట్టింపుల్లోనే ఎక్కువ దక్కుతుంది. వందల కోసం ఆరాటపడక్కర్లేదు, ఆరు చేసినా ఆరోది 56కి వస్తుంది. డిజైన్ ఖర్చేమో ఆరుగురికీ పంచుకున్నట్టు.

కానీ ఇదంతా ఫ్యాక్టరీ గేటు దాకానే. నౌకను నడిపే మనుషుల జీతాలకి, డిష్ గంటలకి ఈ లెక్క తనంతట తాను వర్తించదు. ఐదేళ్ల ప్రయాణంలో ప్రతి నౌకకీ ఒక బృందం కాపలా కాయాలంటే మీ చవక అక్కడే ఆవిరి.

---

ధ్రువతార

రెండు రోజులు ఇదే ఆలోచించాను. ప్రశ్నే మార్చేస్తున్నా. తిట్టకుండా చూడండి.

దూరం వద్దు, అంగారకుడు చాలు. వందలు వద్దు, ఆరు. ఒక పెద్దన్న, ఐదుగురు తమ్ముళ్లు. తమ్ముళ్లలో పెద్ద రేడియో ఉండదు, అన్నతో మాత్రమే మాట్లాడతాయి. అన్న ఒక్కడే భూమితో మాట్లాడతాడు. గ్రహశకలం దగ్గరికి పంపిన హెరా నౌక కూడా మిలానీ, జువెంటాస్ అనే బుల్లి నౌకలను ఇలాగే వెంట తీసుకెళ్లింది కదా. ఐదు చోట్ల ఒకేసారి కొలిస్తే, సౌర గాలి (సూర్యుడి నుంచి వచ్చే కణాలు) వచ్చి కొట్టినప్పుడు అక్కడి వాతావరణం ఎటు నుంచి ఎటు జారిపోతోందో తెలుస్తుంది. ఒకే నౌకతో అది కుదరదు, ఎందుకంటే మార్పు వచ్చింది కాలం వల్లనా, నౌక చోటు మారడం వల్లనా అన్నది తేల్చలేం.

---

పాతరేడియో

ఇప్పుడు దారికొచ్చావు.

ఇంకో సంగతి. ఒకే గ్రహం దగ్గరున్న నౌకలన్నీ డిష్ చూపులో ఒకేచోట పడతాయి. అంగారకుడి దగ్గరైతే ఒక్క డిష్‌తో నాలుగు నౌకల మాటలు ఒకేసారి వినగలరు. పైకి ఆదేశాలు పంపడం మాత్రం ఒక్కొక్కదానికే. కాబట్టి అన్న పాడైనా తమ్ముళ్లకు బొత్తిగా గొంతు లేకుండా చేయకు. నెమ్మదిగా, సెకనుకు పది ఇరవై బిట్లైనా నేరుగా పంపగలిగేలా చిన్న రేడియో పెట్టు. "బతికే ఉన్నాను, బ్యాటరీ ఇంత" అని చెబితే చాలు.

తర్వాత లేజర్ వస్తే లెక్కలే మారిపోతాయి. సైకీ నౌక 2023 డిసెంబరులో 3.1 కోట్ల కిలోమీటర్ల నుంచి సెకనుకు 267 మెగాబిట్లు పంపింది. కానీ ఆ లేజర్ కిరణాన్ని కదలకుండా భూమి వైపు గురిపెట్టి ఉంచడం మీ డబ్బా వల్ల కాదు. అన్నకి పెట్టు.

---

వక్రకక్ష్య

అంగారకుడికే అంటున్నారు కాబట్టి ఇంకో ఖర్చు రాసుకోండి. అక్కడ కూలిపోయే అవకాశం ఉన్న ప్రతి నౌకకీ, భూమి సూక్ష్మజీవులు అక్కడికి చేరకూడదన్న నియమాలు వర్తిస్తాయి. కక్ష్యలో ఉండేవాటికైతే ఇన్నేళ్లపాటు కింద పడవని లెక్కలతో నిరూపించాలి, లేకపోతే శుభ్రం చేసి పంపాలి. కాసినీని 2017లో శనిలోకి పంపి కాల్చేసింది దాని చందమామలు పాడవకూడదనే. ఆరుంటే ఆరింటికీ ఆ కాగితాలు.

---

ధ్రువతార

రాసుకున్నాను. నిశాచరి గారూ, ఆరు ఒకే అచ్చు అయితే మీరు చెప్పిన "ఒకే జబ్బు" భయం ఉంది కదా. ప్రతిదాన్నీ పూర్తిగా పరీక్షిస్తే చవక పోతుంది. ఏం వదిలేయొచ్చు?

---

నిశాచరి

ఆరు కాదు, ఏడు చేసి మొదటిదాన్ని చావగొట్టండి. అది ఎగరదు, పరీక్షలకే. అసలు ప్రయాణంలో ఉండేదానికన్నా ఎక్కువ కంపనం, ఎక్కువ వేడి, ఎక్కువ చలి. డిజైన్ తప్పులు దాంట్లోనే బయటపడాలి. మిగతా ఆరింటికి అంత అక్కర్లేదు. వాటిలో వెతకాల్సింది చేతి తప్పులు: వదులు స్క్రూ, సరిగ్గా అతకని సోల్డర్, తిరగేసి పెట్టిన కనెక్టర్. దానికి తక్కువ స్థాయి కంపనం, ఒకటి రెండు వేడి-చలి చుట్లు చాలు.

రెండు మాత్రం ప్రతిదానికీ చేయాల్సిందే. ఒకటి, ప్యానెళ్లు నిజంగా సూర్యుడి వైపే తిరుగుతాయా అని. లూనార్ ట్రైల్‌బ్లేజర్ 2025 ఫిబ్రవరిలో వెళ్లిన మర్నాడే మూగబోయింది. ప్యానెళ్లు సూర్యుడి వైపు సరిగ్గా లేక బ్యాటరీ అయిపోయింది. రెండోది, గడ్డకట్టే చలిలో పూర్తిగా ఆరిపోయిన నౌక తనంతట తాను లేస్తుందా అని. ఇది ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

---

ధ్రువతార

అవును, ఆ దారం గొడవ చివరికి ఎలా తీర్చారు?

---

నిశాచరి

బ్యాటరీకి చిన్న హీటర్ అతికించాం. వదిలాక ఎలాగూ అరగంట ఆగాలి. ఆ తర్వాత కూడా ప్యానెళ్ల మీద ఎండ పడుతుంటేనే రెసిస్టర్ ఆన్ అయ్యేలా కోడ్ మార్చాం. రీబూట్ అయితే వెంటనే కాకుండా గంట ఆగి ప్రయత్నించాలని పెట్టాం.

ఇంకోటి, ఊడిపోతుందేమోనన్న భయంతో దారం రెండు చుట్లు కట్టాం. అందుకే రెసిస్టర్ అంతసేపు వెలగాల్సి వచ్చేది. ఒక చుట్టు విప్పేశాం.